ఆస్పత్రి పనికి ఎవరు పనికొస్తరు? దిల్‌సుఖ్‌నగర్ బోర్డుల వెనకున్న చరిత్ర

  

ఈసారి కొంచెం పెద్ద పోస్టు. మన గ్రూపులో నెలకు రెండు మూడు సార్లయినా ఒకే ప్రశ్న వస్తది. "ఇంటర్ అయిపోయింది అన్నా, హాస్పిటల్ లైన్‌లో ఏ కోర్సు చేస్తే జల్దీ జాబ్ వస్తది?" ఒకరు ఏఎన్ఎం అంటరు, ఒకరు ఎంఎల్‌టీ అంటరు, ఇంకొకరు మూడు నెలల జీడీఏ చాలు అంటరు. నేను నర్సింగ్ స్టూడెంట్‌ని కాదు, బీఏ హిస్టరీ. కాబట్టి ఇది కెరీర్ గైడెన్స్ పోస్టు కాదు. ఆస్పత్రి పనికి వీళ్లు పనికొస్తరు, వీళ్లు పనికిరారు అని ఎవరు, ఎప్పుడు, ఏ లెక్కన తేల్చారు అని మన ప్రాంతం చరిత్రలో వెతికితే దొరికింది రాస్తున్నా. తిరిగి తిరిగి ఆ కోర్సుల ప్రశ్న దగ్గరికే వస్తాం, కంగారు పడకండి.

మాది దేవరకొండ దగ్గర తండా. మా వైపు నుంచి మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చే బస్సుకు పట్నం మొదలయ్యేది ఎల్బీనగర్ దగ్గరే. మా బాబాయి వాళ్ల కాలంలో ఎల్బీనగర్ అడ్డా మీద దిగి కూలికి నిలబడేవాళ్లు. మేము అక్కడే దిగి మెట్రో ఎక్కుతున్నాం. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబర్‌లో మొదలైంది. రైల్లో కూర్చుని చైతన్యపురి నుంచి మూసారాంబాగ్ దాకా బయటికి చూస్తే, కిటికీ ఎత్తులో కనపడేవన్నీ కోచింగ్ బోర్డులే. డీఎస్సీ, పోలీస్, గ్రూప్స్, జావా, పైథాన్. ఈ నాలుగైదేళ్లలో వాటి మధ్య కొత్త రకం బోర్డులు ఎక్కువైనయి. నర్సింగ్ అసిస్టెంట్, పేషెంట్ కేర్, హోమ్ కేర్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్. కింద చిన్న అక్షరాల్లో "స్పోకెన్ ఇంగ్లిష్, సాఫ్ట్ స్కిల్స్ ఉచితం" అని ఉంటది. నాకు ఆ చిన్న అక్షరాల మీదనే ఆసక్తి. రోగికి సేవ చేసేవాళ్లకు అసలు ఏ భాష రావాలి అన్న గొడవ ఈ ఊర్లో చాలా పాతది.

హైదరాబాద్ మెడికల్ స్కూల్ 1846లో పెట్టారు. అక్కడ పాఠం చెప్పింది ఇంగ్లిష్‌లో కాదు, ఉర్దూలో. చదువు పూర్తయినవాళ్లను హకీం అన్నారు. 1880ల్లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ చేతికి ఆ స్కూలు వచ్చాక బోధన ఇంగ్లిష్‌కు మారింది. ఆ కాలంలోనే కొందరు ఆడపిల్లలను చేర్చుకున్నారు. వాళ్లలో ఒకరు రూపాబాయి ఫర్దూన్‌జీ, పార్శీ కుటుంబం. మత్తు ఇచ్చే విద్యలో ప్రపంచంలోనే మొదటి మహిళ అని ఇప్పుడు ఆమెను చెప్పుకుంటున్నారు. గొప్ప విషయమే. అయితే ఆ బడి తలుపు దగ్గర నిలబడగలిగిన ఆడపిల్లలు ఏ ఇళ్ల నుంచి వచ్చారో కూడా చూడాలి. మరి కొన్నేళ్లకు, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చాక, డాక్టరు చదువు మళ్లీ ఉర్దూలోకి మళ్లింది. 1948 దాకా ఇక్కడ ఎంబీబీఎస్ ఉర్దూలో చదివి డాక్టర్లయ్యారు. ఇంగ్లిష్ రాకపోతే వైద్యం రాదు అనేది ఈ ఊరి చరిత్రలో ఎప్పుడూ ఉన్న సూత్రం కాదని చెప్పడానికే ఇదంతా రాశాను. ఉర్దూ అయినా ఇంగ్లిష్ అయినా మన తండాకు, గూడేనికి రెండూ పరాయివే, అది వేరే సంగతి.

మన ప్రజలకు వాళ్ల భాషలో చదువు చెప్పి, వాళ్లనే ఉద్యోగంలో పెట్టాలని సర్కారు తరఫున జరిగిన గట్టి ప్రయత్నం పట్నంలో మొదలవలేదు, ఆదిలాబాద్ అడవిలో మొదలైంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక నిజాం సర్కారుకు భయం పట్టుకుంది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపారు. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, 1943లో అక్కడే ఒక శిక్షణ కేంద్రం తెరిపించాడు. కొద్దిగా చదువొచ్చిన గోండు యువకులను తీసుకొచ్చి టీచర్లుగా తయారు చేయడం దాని పని. గోండిలోనే వాచకాలు రాయించారు. పిల్లలు ముందు గోండిలో నేర్చుకోవాలి, మిగతా భాషలు తర్వాత. అక్కడ తయారైనవాళ్లు టీచర్లే కాకుండా కొందరు పట్వారీలు, ఫారెస్టు గార్డులు కూడా అయ్యారు. హైమన్‌డార్ఫ్ మీద విమర్శలు ఉన్నాయి. సర్కారు పంపితే వచ్చినవాడే గదా అని నేనూ అంటాను. కానీ ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆ కేంద్రంలో గోండి రావడం లోపం కాదు, అర్హత. ఉద్యోగానికి కావాల్సిన మొదటి నైపుణ్యమే అది.

అదే 1943లో ఢిల్లీలో బ్రిటిష్ సర్కారు భోర్ కమిటీ వేసింది. దేశం మొత్తం ఆరోగ్య వ్యవస్థ ఎట్లుందో చూడమని. 1946లో వచ్చిన ఆ నివేదిక లెక్క ప్రకారం 43 వేల మందికి ఒక్క నర్సు. ఇది సగటు. సగటు అంటే మద్రాసు, బొంబాయి ఆస్పత్రుల్లో ఉన్న నర్సులను కూడా కలిపి భాగిస్తే వచ్చింది. అడవిలోకి, గుట్టల మీదికి వచ్చేసరికి అది సున్నానే అనుకోవచ్చు. అక్కడ పురుడు పోసింది, పసిబిడ్డకు స్నానం చేయించింది, మంచాన పడ్డ ముసలోళ్లను చూసింది మన ఆడవాళ్లే. వాళ్లకు జీతం లేదు, పేరు లేదు. రికార్డుల్లో రాస్తే గిస్తే "శిక్షణ లేని మంత్రసాని" అని రాశారు.

ఇక్కడ ఒక మాట. మన దాదిలు, అవ్వలు చేసిందంతా గొప్పదే అని రాస్తే లైకులు బాగా వస్తాయి. కానీ బొడ్డుతాడు కొడవలితో కోసినప్పుడు ధనుర్వాతం వచ్చి పోయిన పిల్లలు ప్రతి తండాలో ఉన్నారు. మా దాది పదకొండు మందిని కని ఆరుగురిని దక్కించుకుంది. కాబట్టి శిక్షణ అక్కర్లేదని నేను అనట్లేదు. ఆమెకు తెలిసినదాని మీద ఇంకొంచెం కట్టి ఉంటే అయ్యేది. ఆమెకేమీ తెలియదు అనుకుని మొదలుపెట్టిన దగ్గరే వచ్చింది తేడా.

స్వాతంత్య్రం వచ్చాక ఈ తేడా తెలిసిన మనిషి ఒకరు కనపడతారు, దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజమండ్రిలో పుట్టారు, ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, ఆ పెళ్లిని కాదనుకుని చదువుకున్నారు. మద్రాసులో ఆడవాళ్లను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా పాఠాలు చెప్పడంతో ఆమె పని మొదలైంది. ఒక రకంగా అదీ కోచింగ్ సెంటరే, దిల్‌సుఖ్‌నగర్ కంటే చాలా ముందు. దాన్నుంచే ఆంధ్ర మహిళా సభ వచ్చింది. మన విద్యానగర్‌లో ఆమె పేరు మీద ఉన్న ఆస్పత్రి ఆ సభదే. 1953లో సెంట్రల్ సోషల్ వెల్ఫేర్ బోర్డు పెట్టినప్పుడు మొదటి చైర్మన్ ఆమె. ఊర్లకు నర్సులు, గ్రామసేవికలు, టీచర్లు కావాలి, పోస్టులు ఉన్నాయి, కానీ మెట్రిక్ పాసైన ఆడవాళ్లు ఊర్లలో లేరు. పట్నం నుంచి పంపితే ఉండరు. దీనికి ఆ బోర్డు 1958లో కనిపెట్టిన ఉపాయం కండెన్స్‌డ్ కోర్సు. మధ్యలో చదువు ఆగిపోయిన పెద్ద వయసు ఆడవాళ్లను, విధవలను, మొగుడు వదిలేసినవాళ్లను హాస్టల్లో పెట్టి, రెండేళ్లలో మెట్రిక్ దాటించి, అక్కడి నుంచి నర్సింగ్‌కో టీచర్ ట్రైనింగ్‌కో పంపడం.

నాకు ఇది చదివినప్పుడు మస్తు నచ్చింది. ఎందుకంటే అక్కడ తలుపు తగ్గించలేదు, మెట్లు కట్టారు. ఆ తేడా గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తది.

తర్వాతి ముప్పై ఏళ్లు త్వరగా చెప్పేస్తా. 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పినట్టు మలేరియా ఉద్యోగి, టీకాలు వేసే ఉద్యోగి, కుటుంబ నియంత్రణ ఉద్యోగి అని వేరు వేరుగా ఉన్నవాళ్లను కలిపి మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ అన్నారు. ఏఎన్ఎం ఆ లెక్కలో ఫీమేల్ వర్కర్ అయింది. ఇప్పటికీ ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ ఎఫ్ అని గ్రూపు ఉందే, ఆ పేరు అక్కడి నుంచి వచ్చిందే. 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలై అంగన్‌వాడీలు వచ్చాయి. సరిగ్గా రెండేళ్లకు, 1977 అక్టోబర్ 2న కమ్యూనిటీ హెల్త్ వర్కర్ స్కీమ్ వచ్చింది. ఊరివాళ్లే తమలో ఒకరిని ఎంచుకోవాలి, మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. 1980కి ఆ పేరు కమ్యూనిటీ హెల్త్ వాలంటీర్ అయింది. పని అదే, మనిషి అదే, "వర్కర్" పోయి "వాలంటీర్" వచ్చింది. వర్కర్ అంటే రేపు జీతం అడుగుతడు, పర్మనెంట్ చేయమంటడు. వాలంటీర్ అంటే ఏం అడుగుతడు? ఇది నా అభిప్రాయం, కాదంటే చెప్పండి.

2005లో ఎన్ఆర్‌హెచ్ఎం కింద ఆశాలు వచ్చినప్పుడు ఈ కిటుకు పూర్తిగా స్థిరపడింది. ఆశా అక్కకు ఎనిమిదో తరగతి చాలు, ఆ ఊరి కోడలై ఉండాలి, జీతం ఉండదు, పనికింత అని పారితోషికం. వెయ్యి మందికి ఒకరు, మన దగ్గరయితే గూడేనికి, తండాకు ఒకరిని పెట్టుకోవచ్చు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. ప్రపంచం లీడర్ అన్నది, ఇక్కడ రిజిస్టర్‌లో ఇంకా వాలంటీరే.

ఆశాల శిక్షణలో బాలింత ఇంటికి వెళ్లి చూడటం అని ఒక భాగం ఉంది. కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42వ రోజు వెళ్లాలి. బిడ్డ బరువు, ఒంటి వేడి, పాలు తాగుతున్నదా, ఊపిరి ఎట్లుంది చూసి రాయాలి. ఇది ఢిల్లీలో ఎవరో కుర్చీలో కూర్చుని రాసింది కాదు. మన ఆసిఫాబాద్, మంచిర్యాల వాళ్లకు ప్రాణహిత దాటితే వచ్చే గడ్చిరోలిలో పుట్టింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ అక్కడ 39 ఊర్లలో ఐదు నుంచి పది తరగతులు చదివిన స్థానిక ఆడవాళ్లను ఎంచుకున్నారు. పుట్టిన బిడ్డకు ఊపిరి అందకపోతే ఏం చేయాలి, బరువు తక్కువ బిడ్డను ఎట్ల వెచ్చగా ఉంచాలి, ఇన్ఫెక్షన్ వచ్చిందని ఎట్ల గుర్తుపట్టాలి అని నేర్పించారు. ఇంజెక్షన్ ఇవ్వడం కూడా నేర్పారు. పట్నం డాక్టర్లు అభ్యంతరం చెప్పే విషయమే అది. నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఆ ఆడవాళ్లకు స్పోకెన్ ఇంగ్లిష్ రాదు. పవర్‌పాయింట్ రాదు. బిడ్డ ఏడుపులో తేడా తెలుస్తది, ఆ ఇంటి అత్తకు నచ్చజెప్పడం తెలుస్తది, గడియారం చూసి ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకున్నారు. పని నేర్చుకోవడం అంటే అది.

ఇప్పుడు మన ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌కు వద్దాం.

1990ల్లో ఈ వైపు పెద్ద ప్రైవేటు ఆస్పత్రులు మొదలైనయి. ఎల్బీనగర్‌లో కామినేని అప్పటిదే. నల్గొండ, ఖమ్మం, సూర్యాపేట నుంచి విజయవాడ రోడ్డు మీద వచ్చే రోగులకు, సాగర్ రోడ్డు మీద వచ్చే మా వాళ్లకు పట్నంలో మొదట తగిలేది ఈ చౌరస్తానే. పెద్ద ఆస్పత్రి వచ్చిన చోట నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆయాలు, వార్డు బాయ్‌లు కావాలి. నర్సులు చాలా మంది కేరళ నుంచి వచ్చారు, ఎందుకంటే అక్కడ నర్సింగ్ చదువు తరాలుగా ఉంది. మన దగ్గరి నుంచి వచ్చినవాళ్లకు ఆయా, వార్డు బాయ్, సెక్యూరిటీ మిగిలాయి.

2005 నుంచి 2007 మధ్య కొత్త రకం పనులు రెండు పుట్టాయి. అంతకు ముందు ఆ ఉద్యోగాలే లేవు. ఒకటి 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్ఐ మొదలుపెట్టింది. అంబులెన్స్‌లో డ్రైవర్ పక్కన ఈఎంటీ అని ఒక శిక్షణ పొందిన మనిషి ఉండటం మన ఊర్లకు కొత్త. రెండోది 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై తర్వాత మా నల్గొండకు కూడా వచ్చిన ఆరోగ్యశ్రీ. దాంతో పాటు ఆరోగ్యమిత్ర వచ్చాడు. కార్పొరేట్ ఆస్పత్రి గేటు దగ్గర డెస్కు, తెల్లకార్డు పట్టుకుని భయం భయంగా వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, కాగితాలు చూసి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఇంటికి వెళ్లేదాకా అడిగి తెలుసుకోవడం పని. మొదట్లో ఆరోగ్యమిత్రలను మహిళా సంఘాల సమాఖ్యల ద్వారా తీసుకున్నారు. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో మార్లవాయి తర్వాత మన లాంటివాళ్ల మాటకు విలువ కట్టిన ఉద్యోగం ఇదే. పేదోడి భాష రావడం, పేదోడి భయం తెలియడం ఆ డెస్కుకు అసలు అర్హత.

అదే 2005లో ఇంకో దారి కూడా తెరిచారు, అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఈజీఎంఎం. పల్లె, గిరిజన యువతకు ఇంగ్లిష్, పని అలవాట్లు, కంప్యూటర్ కలిపి నేర్పించి పట్నంలో ఉద్యోగంలో పెట్టడం దాని ఉద్దేశం. "వర్క్ రెడీనెస్" అన్న మాట మన ఊర్లకు అక్కడి నుంచి వచ్చింది. 2014లో కేంద్రం డీడీయూ-జీకేవై అని, 2015లో పీఎంకేవీవై అని పెట్టినప్పుడు ఆ మాట "ఎంప్లాయబిలిటీ స్కిల్స్"గా దేశమంతా పాకింది. 2021 జూన్‌లో కొవిడ్ రెండో వేవ్ దెబ్బకు కేంద్రం లక్ష మందికి ఆరు రకాల క్రాష్ కోర్సులు ప్రకటించింది. హోమ్ కేర్, బేసిక్ కేర్, అడ్వాన్స్‌డ్ కేర్, ఎమర్జెన్సీ కేర్, శాంపిల్ కలెక్షన్, మెడికల్ ఎక్విప్‌మెంట్. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ బోర్డుల మీద చూసే పేర్లకూ వీటికీ ఎంత దగ్గర పోలిక ఉందో మీరే చూడండి.

ఈ కోర్సుల్లో సాఫ్ట్ స్కిల్స్ అని చెప్పేది చెడ్డదేం కాదు. టైముకు డ్యూటీకి రావడం, చేతులు కడుక్కోవడం, షిఫ్టు మారేటప్పుడు తర్వాతి మనిషికి పేషెంట్ పరిస్థితి సరిగా అప్పజెప్పడం, తెలియనిది తెలియదని చెప్పడం, రోగి రహస్యం బయట మాట్లాడకపోవడం. వీటి వల్ల ప్రాణాలు నిలబడతాయి. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండ్లు పడతాయి, ఇదీ అందులో చెప్తారు. మా పెద్దమ్మ కూతురు దీన్ని ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు. తాతకు పక్షవాతం వస్తే రెండేళ్లు తనే చూసుకుంది, ఒక్క పుండు పడనీయలేదు. ఆమె ఇంటర్ తర్వాత ఇక్కడ ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డబ్బులు కట్టి "నర్సింగ్" అని ఆరు నెలలు చేసింది. తెల్ల కోటు వేయించి ఫొటో తీశారు, సర్టిఫికెట్ ఇచ్చారు. తీరా ఆస్పత్రికి పోతే అది ఏ కౌన్సిల్‌లోనూ రిజిస్టర్ అయ్యే కోర్సు కాదని తేలింది. ఇప్పుడు ఒక ఏజెన్సీ ద్వారా ఇళ్లల్లో ముసలివాళ్లను చూస్తున్నది, 24 గంటల డ్యూటీ. ఆ ఇంటివాళ్లు ఇచ్చేది ఒకటి, మా అక్క చేతికొచ్చేది ఒకటి. ఆమె పనిలో ఇప్పటిదాకా ఎవరూ తప్పు పట్టలేదు. కానీ పది మెట్ల నిచ్చెనలో ఆమె నిలబడ్డ మెట్టుకు పైన ఇంకో మెట్టే లేదు.

నేను పైన దుర్గాబాయి గారి దగ్గర ఆపింది ఇందుకే. కండెన్స్‌డ్ కోర్సు చదువు ఆగిపోయినామెను నర్సింగ్ తలుపు దాకా తీసుకెళ్లింది. ఇప్పటి మూడు నెలల కోర్సు ఆ తలుపు పక్కనే ఇంకో చిన్న తలుపు పెట్టి, లోపలికి పోయాక గోడ చూపిస్తున్నది. జీడీఏ అయినా హోమ్ హెల్త్ ఎయిడ్ అయినా అది స్కిల్ సర్టిఫికెట్. ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ అనేవి చట్టం కింద గుర్తింపు పొంది, రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యే చదువులు. మొదటిది ఎన్నేళ్లు చేసినా రెండోది కాదు. మొదటిది చేయొద్దని కాదు, ఇంట్లో పరిస్థితి బట్టి చేయాల్సి రావచ్చు. కానీ రెండూ ఒకటే అని చెప్పి అమ్మేవాళ్లను నమ్మొద్దు. ల్యాబ్, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ లాంటివాటికి 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది, కాబట్టి అక్కడ కూడా రిజిస్ట్రేషన్ ముఖ్యం కాబోతున్నది.

నర్సు అయినంత మాత్రాన కష్టం తీరుతదని కూడా కాదు. ప్రైవేటులో నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు 2016 జనవరిలో చెప్తే కేంద్రం ఒక కమిటీ వేసింది. 50 పడకల లోపు ఆస్పత్రిలో కూడా నర్సుకు నెలకు 20 వేలకు తక్కువ ఇవ్వొద్దని, 200 పడకలు దాటితే సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. మన గ్రూపులో ప్రైవేటులో చేస్తున్న అక్కలున్నారు, ఎంత వస్తున్నదో వాళ్లకే తెలుసు. సర్కారులో కూడా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ అని ఏళ్లు గడిచాయి. 2020 జులైలో, కొవిడ్ మధ్యలో, గాంధీ ఆస్పత్రి ఔట్‌సోర్సింగ్ నర్సులు డ్యూటీ ఆపి ధర్నా చేసింది గుర్తుంది గదా. 2023లో సెకండ్ ఏఎన్ఎంలు రెగ్యులర్ చేయమని సమ్మె చేశారు.

మంచి వార్త కూడా ఒకటి చెప్పాలి. 2022 సెప్టెంబర్ 30న జీవో 33తో మన ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతం అయింది. అదే ఏడాది డిసెంబర్ చివర్లో మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, తర్వాత పోస్టులు పెంచారు, 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేల మందికి నియామక పత్రాలు ఇచ్చారు. ఆ నోటిఫికేషన్‌లో రాత పరీక్షకు 80 మార్కులు, సర్కారు ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కింద చేసిన సర్వీసుకు 20 మార్కులు. చేసిన పనికి మార్కు ఉంది. అది సరైనదే. రోగి భాష వస్తే మాత్రం ఒక్క మార్కు లేదు.

టీచర్ పోస్టుల్లో ఈ భాష సంగతి వేరేగా నడిచింది. ఏజెన్సీ బడుల్లో టీచర్లు స్థానిక గిరిజనులే ఉండాలని 2000లో జీవో 3 వచ్చింది, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని మీద మన గ్రూపులో చాలా రాశాం. అది ఉన్నప్పుడు కూడా టీచర్లకే, పైగా షెడ్యూల్డ్ ఏరియాకే. మా దేవరకొండ తండాలు షెడ్యూల్డ్ ఏరియా కావు. గోర్ బోలి తప్ప ఇంకోటి రాని ముసలామె ఆస్పత్రికి పోతే ఎక్కడ నొప్పో ఇంకెవరో చెప్పాలి. సాధారణంగా ఆ ఇంకెవరో అంటే బడి మానేసి వెంట వచ్చిన మనవరాలు.

ఒక వింత చూడండి. తెలంగాణ సర్కారు సంస్థ టామ్‌కామ్ జర్మనీకి నర్సులను పంపుతున్నది. పోయే ముందు వాళ్లకు నెలల తరబడి జర్మన్ నేర్పిస్తరు, పరీక్ష పాస్ కావాల్సిందే. ఎందుకంటే అక్కడి రోగి మాట అర్థం కాకపోతే నర్సు పని చేయలేదని జర్మనీవాళ్లకు తెలుసు. ఇది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. ఇదే లెక్కన ఉట్నూరు ఆస్పత్రిలో గోండి, భద్రాచలంలో కోయ, దేవరకొండలో గోర్ బోలి వచ్చిన నర్సుకు, ఆరోగ్యమిత్రకు, కౌన్సిలర్‌కు అదనపు మార్కులు ఎందుకు ఉండవు? 1943లో మార్లవాయిలో ఉన్న సూత్రమే ఇది.

కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉండేది, గడ్డిఅన్నారం మార్కెట్ అనేవాళ్లు. దాన్ని బాటసింగారం తరలించి, ఆ జాగాలో వెయ్యి పడకల టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్ 26న పునాది రాయి వేశారు. మా బాబాయి ఆ మార్కెట్లో బత్తాయి లోడు దించిన మనిషి. వెయ్యి పడకలంటే నర్సులు, టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు నోటిఫికేషన్ల మీద వస్తరు. పేషెంట్ కేర్, శానిటేషన్, సెక్యూరిటీ మామూలుగా ఏజెన్సీ టెండర్ కింద పోతయి. మొదటి లైన్లో మనవాళ్లు ఎంత మంది ఉండాలంటే ఇప్పుడు ఇంటర్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడే చూసుకోవాలి. ఫీజు కట్టే ముందు ఆ కోర్సు ఏ కౌన్సిల్‌లో, ఏ బోర్డులో రిజిస్టర్ అవుతదో కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వం అంటే బయటికి రండి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో వంద ఉన్నయి. ఒకేషనల్ ఎంపీహెచ్‌డబ్ల్యూ చేసినవాళ్లు ఇంటర్ మెమోతో ఆగిపోకండి, సర్కారు పోస్టుకు ఏడాది క్లినికల్ ట్రైనింగ్ గానీ అప్రెంటిస్‌షిప్ గానీ అడుగుతరు. చాలా మంది అక్కడే ఆగిపోతున్నరు.

ఆ క్లినికల్ ట్రైనింగ్ సీట్లు ఈ ఏడాది ఏ ఆస్పత్రుల్లో ఇస్తున్నరో, దరఖాస్తు ఎక్కడ పెట్టాలో తెలిసిన అక్కలు కింద రాయండి. మా తండాలో ఇద్దరు ఆడపిల్లలు మెమోలు పట్టుకుని ఎదురుచూస్తున్నరు, ఇంట్లో పెళ్లి మాటలు కూడా మొదలైనయి.